సముద్రం లేని ఊళ్లో పుట్టిన దీవి

బ్రేమార్‌లో సముద్రం లేదు.  స్కాట్లాండ్‌లో కెయిర్న్‌గార్మ్ కొండల మధ్య ఒదిగిన చిన్న ఊరు అది. పక్కనే డీ నది, చుట్టూ పైన్ చెట్లు, ఆగస్టు వస్తే కొండవాలు పొడవునా విరగబూసే ఊదారంగు హెదర్ పొదలు. కడలి గాలి పీల్చాలంటే తూర్పున ఉన్న ఆబర్దీన్ దాకా దాదాపు వంద కిలోమీటర్లు వెళ్లాలి. చలికి మాత్రం ఈ ఊరు పెట్టింది పేరు. బ్రిటన్ చరిత్రలోనే అతి తక్కువ ఉష్ణోగ్రత, మైనస్ 27.2 డిగ్రీలు, ఇక్కడ ఒకసారి కాదు, రెండుసార్లు నమోదైంది. 1895లో ఒకసారి, 1982లో మరోసారి.

ప్రపంచంలోకెల్లా పేరుమోసిన ఓడదొంగల దీవి పుట్టింది ఈ ఊళ్లోనే!

ఒంటికాలి మీద కుంటుతూ, భుజాన రామచిలుకతో తిరిగే లాంగ్ జాన్ సిల్వర్. నిధి జాడ చెప్పే పాతబడిన పటం, దాని మీద ఎర్రసిరాతో పెట్టిన గుర్తులు. ఓడదొంగ అనగానే పిల్లల కళ్లముందు మెదిలే బొమ్మలన్నీ 'ట్రెజర్ ఐలాండ్' పెట్టిన భిక్షే. నండూరి రామమోహనరావు దాన్ని 'కాంచనద్వీపం'గా తెలుగులోకి తెచ్చారు. సెలవుల్లో ఆ పుస్తకం చేతికొస్తే అన్నం మాట మరిచిపోయిన తరం ఒకటి మన దగ్గరా ఉంది. రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ ఆ నవల మొదలుపెట్టింది 1881 ఆగస్టులో, బ్రేమార్‌లో గ్లెన్‌షీ రోడ్డు పక్కనున్న ఒక రాతి కుటీరంలో. ఆ సంగతి చెబుతూ గోడకు ఓ ఫలకం ఉంది. వచ్చినవాళ్లు దాని ముందు నిలబడి ఫొటో దిగుతారు, వెళ్లిపోతారు.

ఫలకం మీద లేని కథ ఒకటుంది. ఆ నవల వెనుక ఓ తండ్రి ఉన్నాడు. కొడుకు ఇంజినీరు కావాలని కలలుగని, కాలేదని కుమిలిపోయిన తండ్రి. ఇంజినీరింగ్ సీటు కోసం ఇల్లంతా తలకిందులయ్యే మనకు ఆయన బాధ ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ తండ్రీకొడుకుల జాడ పట్టుకోవాలంటే బ్రేమార్ నుంచి దక్షిణంగా కొండదారి దిగి, ఎడిన్‌బరో చేరాలి.

దీపాల వంశం

ఎడిన్‌బరో కొత్త పట్టణంలో హెరియట్ రో అనే వీధి ఉంది. ఒకవైపు బారుగా రాతి మేడలు, ఎదురుగా ఇనుపకంచె వేసిన తోట. 17వ నంబరు ఇంట్లోకి స్టీవెన్సన్ కుటుంబం 1857లో వచ్చింది. అప్పటికి లూయీకి ఆరేళ్లు. ఒక్కగానొక్క కొడుకు. పుట్టినప్పట్నుంచీ దగ్గు, జ్వరం. ఊపిరితిత్తులు ఏమాత్రం బాగుండేవి కావు. ఏడాదిలో సగం రోజులు మంచం మీదే. సాయంత్రమైతే కిటికీలోంచి చూస్తూ ఉండేవాడు. లీరీ నిచ్చెనతో పరుగున వచ్చి, వీధిదీపం వెలిగించి వెళ్లేవాడు. లీరీ అంటే అక్కడి భాషలో వీధిదీపాలు వెలిగించేవాడు. పెద్దయ్యాక లూయీ పిల్లల కోసం రాసిన గేయాల్లో ఆ లీరీకీ చోటిచ్చాడు. ఇంటి ముందు ఆ పాతకాలపు దీపస్తంభం అలాగే ఉంది. ఇది మ్యూజియం కాదు, నివాసగృహం. కాబట్టి తలుపు తట్టకూడదు. ఎదురు తోటలో ఓ చెరువు, దాని మధ్య చిన్న దిబ్బ ఉన్నాయి. కాంచనద్వీపానికి అదే మూలమని ఎడిన్‌బరో వాళ్లు చెబుతారు. ఆ మాటకొస్తే స్కాట్లాండ్‌లో ఇలా చెప్పుకోని చెరువు, దీవి తక్కువ!

వీధికి లీరీ దీపం పెడితే, సముద్రానికి దీపం పెట్టింది స్టీవెన్సన్ల కుటుంబం. ఇది అతిశయోక్తి కాదు. నాలుగు తరాల పాటు, దాదాపు నూటయాభై ఏళ్లు, స్కాట్లాండ్ తీరంలోని లైట్‌హౌస్‌లలో ఎక్కువ భాగం వీళ్ల చేతుల మీదుగా లేచినవే. లూయీ తాత రాబర్ట్ స్టీవెన్సన్ కట్టిన బెల్‌రాక్ లైట్‌హౌస్ కథే ఒక సాహసగాథ. తీరానికి దూరంగా నడిసముద్రంలో ఉన్న బండ అది. పోటు వస్తే మునిగిపోతుంది, ఆటు వస్తే కాసేపు బయటపడుతుంది. ఆ కాసేపట్లోనే పునాది తవ్వాలి, రాయి మీద రాయి పేర్చాలి. అలా కట్టిన స్తంభంలో 1811 ఫిబ్రవరి 1న దీపం వెలిగింది. రెండు శతాబ్దాలు దాటినా ఈరోజుకీ చెక్కుచెదరలేదు. పెదనాన్న ఆలన్ కట్టిన స్కెరీవోర్ 1844లో వెలిగింది. ఎత్తు 48 మీటర్లు.

తండ్రి థామస్ కూడా తక్కువవాడేమీ కాదు. దీపపు వెలుగు వృథా పోకుండా అంతటినీ సముద్రం మీదికి మళ్లించే అద్దాల అమరికలో ఆయన దిట్ట. ఆయన చేతి పనితనం మన ఊళ్లలోనూ ఉంది. వాతావరణ కేంద్రాల ఆవరణలో నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన తెల్లటి చెక్కపెట్టె కనిపిస్తుంది. లోపల ఉష్ణమాపకాలు, పక్కలకు గాలి ఆడే వాలుపలకలు. దాని పేరు 'స్టీవెన్సన్ స్క్రీన్'. ఆ స్టీవెన్సన్ ఈయనే. నవలాకారుడి పేరనుకుని పొరబడేవాళ్లు కొందరైతే, ఆ పేరెవరిదో పట్టించుకోనివాళ్లే ఎక్కువ.

హెరియట్ రో నుంచి నడిచి వెళ్లేంత దూరంలో జార్జ్ స్ట్రీట్. 84వ నంబరు భవనం స్కాట్లాండ్ లైట్‌హౌస్‌ల సంస్థ ప్రధాన కార్యాలయం. గుమ్మం పైన బుల్లి లైట్‌హౌస్ నమూనా మిణుకుమంటూ ఉంటుంది. బట్టల దుకాణాలు, హోటళ్ల మధ్య దాన్ని గమనించకుండా దాటిపోవడం తేలిక. స్కాట్లాండ్‌లో కాపలాదారు ఉన్న చివరి లైట్‌హౌస్ 1998లో యంత్రాల చేతికి వెళ్లిపోయింది. థామస్ ఆఫీసు ఉన్నది ఈ చిరునామాలోనే. ఈ కథలో చివరికి మళ్లీ రావాల్సింది ఇక్కడికే.

సీసపు బూట్లు వేసుకుని...

ఇలాంటి ఇంట్లో పుట్టిన మగపిల్లవాడు ఏమవుతాడు? అడగాల్సిన పనే లేదు. లూయీని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్‌లో చేర్చారు. తరగతులకు వెళ్లడం కన్నా ఎగ్గొట్టడమే ఎక్కువ. పని నేర్చుకోవాలని 1868లో స్కాట్లాండ్ ఉత్తరపు కొసన ఉన్న విక్ రేవుకు పంపాడు తండ్రి. స్టీవెన్సన్ల సంస్థ అక్కడ అలల్ని అడ్డుకునే గోడ కడుతోంది. ఆ పదిహేడేళ్ల కుర్రాడికి లెక్కలూ కొలతలూ ఎక్కలేదు. ఒక్క రోజు మాత్రం జన్మంతా గుర్తుండిపోయింది. డైవర్ల దుస్తులు తొడిగి, కాళ్లకు సీసపు బూట్లు కట్టి, తలకు లోహపు టోపీ బిగించి అతన్ని సముద్రం అడుగుకు దించారు. ఒంటి బరువే తెలియకుండా, రాళ్ల మధ్య పచ్చటి వెలుగులో తేలియాడుతూ తిరిగాడు. పైకి వచ్చాక లోకమంతా వేరేగా కనిపించిందట. ఏళ్ల తర్వాత ఓ వ్యాసంలో ఆ అనుభవం రాసుకున్నాడు. గోడ సంగతంటారా? 1872 డిసెంబరు తుపానులో 1,350 టన్నుల దిమ్మను అలలు పెకలించుకుపోయాయి. తర్వాత కట్టినదాన్నీ ఉంచలేదు. థామస్ జీవితంలో పెద్ద ఓటమి అదేనంటారు.

రెండో ఓటమి ఇంట్లోనే ఎదురైంది. 1871 మార్చిలో లూయీ ఆగి ఆగి వెలిగే కొత్తరకం లైట్‌హౌస్ దీపం మీద పత్రం చదివాడు. రాయల్ స్కాటిష్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ వెండి పతకం ఇచ్చింది. తండ్రి ఛాతీ పొంగి ఉంటుంది. మరుసటి నెలలోనే, ఇద్దరూ నడకకు వెళ్లినప్పుడు కొడుకు మనసులో మాట బయటపెట్టాడు. ఇంజినీరింగ్ నావల్ల కాదు, రచయితనవుతాను అని! థామస్ అరవలేదు, గొడవ చేయలేదు. రాతలు కూడు పెట్టవు కాబట్టి లా చదవమన్నాడు. లూయీ చదివాడు, 1875లో న్యాయవాదిగా పేరు నమోదు చేయించుకున్నాడు. వాదించింది మాత్రం ఏమీ లేదు.

మధ్యలో 1873లో మరో పిడుగు. దైవభక్తి మెండుగా ఉన్న ఆ ఇంట్లో, తనకు నమ్మకం పోయిందని లూయీ చెప్పేశాడు. తన బతుకే వ్యర్థమైందని తండ్రి కుప్పకూలిపోయాడు. నెలల తరబడి ఇంట్లో ముభావం. ఆ గాయం మానకముందే కొడుకు తనకన్నా పదేళ్లు పెద్దదైన అమెరికన్ మహిళను, అదీ పెళ్లై పిల్లలున్న ఫ్యానీ ఆస్‌బర్న్‌ను ప్రేమించాడు. చెప్పాపెట్టకుండా ఓడెక్కి ఆమె కోసం కాలిఫోర్నియా పోయాడు. అక్కడ డబ్బుల్లేక, జబ్బుపడి చావు అంచుదాకా వెళ్లాడు. విషయం తెలిసిన తండ్రి తిట్టలేదు. ఏడాదికి 250 పౌన్లు పంపుతానంటూ తంతి కొట్టాడు. 1880 మేలో ఫ్యానీ, లూయీల పెళ్లయింది. ఆమెతోపాటు కొడుకు లాయిడ్ కూడా లూయీ ఇంటివాడయ్యాడు.

కోటు కింద లాంతరు

ఎడిన్‌బరో స్టేషన్‌లో రైలెక్కితే అరగంటలో నార్త్ బెర్విక్ వస్తుంది. స్టీవెన్సన్ల కుటుంబం వేసవికి వెళ్లే సముద్రతీరపు పల్లె అది. సెలవులు అయిపోవచ్చే రోజుల్లో, చీకటి పడగానే అక్కడి పిల్లలు రేకు లాంతర్లు నడుముకు కట్టుకుని, పైన కోటు బొత్తాలు పెట్టేసుకుని ఇసుకదిబ్బల్లో తిరిగేవారట. లాంతరు ఉందని బయటికి తెలియకూడదు. వేడెక్కిన రేకు వాసన ముక్కుకు తగులుతుంటే, తన కోటు కింద వెలుగుందని తనకొక్కడికే తెలియడం... అదే ఆట! దీపాల్ని లోకమంతటికీ కనబడేలా నిలబెట్టే వంశంలో పుట్టినవాడు, దీపాన్ని దాచుకోవడంలోని మజా గురించి రాశాడు. పెద్దయ్యాక లూయీ రాసిన మంచి వ్యాసాల్లో ఇదొకటి.

ఊరికి పడమర దిక్కున ఎల్లోక్రెయిగ్ బీచ్. అక్కణ్నుంచి చూస్తే నీళ్ల మధ్య నల్లటి రాతి దీవి. పేరు ఫిడ్రా. ఒక చివర గుట్ట, మధ్యలో పల్లం, రాతిని చీల్చుకుపోయిన సహజమైన తోరణం. ఇప్పుడు అది పక్షుల రాజ్యం. వేసవిలో రంగురంగుల ముక్కుల పఫిన్లు గూళ్లు పెడతాయి. కాంచనద్వీపం ఆకారానికి ఫిడ్రాయే నమూనా అని స్థానికుల నమ్మకం. బీచ్ పక్కన పిల్లల పార్కును కూడా ఓడదొంగల నౌక తరహాలో కట్టారు. ఉత్తరాన షెట్లాండ్‌లోని అన్‌స్ట్ దీవి వాళ్లు అసలు దీవి తమదేనంటారు. లూయీ మాత్రం ఎవరి పేరూ చెప్పలేదు. గీస్తుంటే అదే అలా కుదిరిందన్నాడు. ఆయన మాటే నమ్మడం మంచిది. ఎందుకంటే నవలలోని కొండలూ, పైన్ చెట్లూ, పొగమంచూ అచ్చం కాలిఫోర్నియావి. పెళ్లైన కొత్తలో ఆయన చూసొచ్చినవి. ఆ దీవిలో కొబ్బరిచెట్టు కోసం వెతికితే దొరకదు.

ఫిడ్రా మీద ఇవాళ రాత్రి కనిపించే లైట్‌హౌస్ మాత్రం లూయీ ఆడుకున్న రోజుల్లో లేదు. 1885లో కట్టారు. కట్టింది థామస్ స్టీవెన్సన్, ఆయన అన్న కొడుకు డేవిడ్.

వాన కట్టేసిన రోజులు

మళ్లీ బ్రేమార్. 1881 ఆగస్టు. కొడుకు, కోడలు, మనవడు, అమ్మానాన్నలు... అందరూ ఒకే కుటీరంలో. బయట ఒకటే వాన, చలిగాలి. ఊపిరితిత్తుల జబ్బున్న లూయీ గడప దాటే వీల్లేదు. పదమూడేళ్ల లాయిడ్‌కు తోచడం లేదు. రంగుల పెట్టె ముందేసుకుని బొమ్మలు గీస్తున్నాడు. లూయీ వచ్చి పక్కన కూర్చున్నాడు. అలా గీస్తూ గీస్తూ ఓ దీవి పటం తయారైంది. పటం నేనే గీశానని లూయీ రాశాడు. మొదలుపెట్టింది నేనని లాయిడ్ పెద్దయ్యాక చెప్పుకున్నాడు. ఇద్దరి తలలూ ఒకే కాగితం మీదికి వంగి ఉన్నప్పుడు ఆ తేడా తేల్చడం ఎవరి తరం? పటంలోని అడవుల మధ్యనుంచి మనుషులు తొంగిచూడటం మొదలెట్టారని, కత్తుల తళతళ కనిపించిందని లూయీ తర్వాత గుర్తుచేసుకున్నాడు. అప్పటికప్పుడు కాగితం తీసి అధ్యాయాల జాబితా రాసేశాడు. పెట్టిన పేరు 'ఓడ వంటవాడు'. 'ట్రెజర్ ఐలాండ్' అనే పేరు తర్వాత, పత్రిక వాళ్ల దగ్గర వచ్చింది.

లాయిడ్ ఒక్కటే షరతు పెట్టాడు. కథలో ఆడవాళ్లు ఉండకూడదు! అందుకే జిమ్ హాకిన్స్ తల్లి తప్ప చెప్పుకోదగ్గ స్త్రీపాత్రే నవలలో లేదు. రోజుకో అధ్యాయం రాయడం, మధ్యాహ్నం భోజనం తర్వాత అందర్నీ కూర్చోబెట్టి చదివి వినిపించడం. పదిహేను రోజుల్లో పదిహేను అధ్యాయాలు!

పిల్లవాడి కోసం మొదలైన ఈ కాలక్షేపంలో అనుకోని శ్రోత ఒకడు చిక్కాడు. 63 ఏళ్ల థామస్. గంభీరమైన మనిషి, లైట్‌హౌస్‌ల ఇంజినీరు, చర్చికి వెళ్లే పెద్దమనిషి. కానీ ఆయనకో రహస్యం ఉంది. జీవితమంతా రాత్రిళ్లు నిద్రపట్టడానికి తనకు తనే కథలు చెప్పుకునేవాడు. ఓడలు, దారిపక్క సత్రాలు, దొంగలు, ముసలి నావికులు... ఆ కథల్లో ఒక్కటీ ముగిసేది కాదట, ఈలోగానే నిద్ర వచ్చేది. చిన్నప్పుడు లూయీ పీడకలలకు ఉలిక్కిపడి లేస్తే, పక్కన కూర్చుని బండివాళ్లతో మాట్లాడుతున్నట్టు కల్పించి సంభాషణలు చెప్పిందీ ఆయనే. కొడుకు చదువుతున్న కథ వింటుంటే, తన రాత్రుల కథే పగటి వెలుగులోకి వచ్చినట్టయింది.

ఇక ఆగలేకపోయాడు. బిల్లీ బోన్స్ చనిపోయాక అతని పెట్టె తెరిచే ఘట్టం వచ్చింది. పెట్టెలో ఏమేం ఉండాలి? థామస్ ఓ పాత కవరు వెనుక, దాదాపు ఒక రోజంతా కూర్చుని, వస్తువుల జాబితా రాసిచ్చాడు. లూయీ దాన్నే అనుసరించాడు. ఫ్లింట్ పాత ఓడకు 'వాల్రస్' అన్న పేరూ ఆయన అడిగి పెట్టించిందే. ఓడలు రాళ్లకు కొట్టుకోకుండా బతుకంతా దీపాలు పెట్టినవాడు, ఇంట్లో కూర్చుని ఓడదొంగకు పెట్టె సర్దిపెట్టాడు. పదేళ్లుగా కొడుకు చదువు మీద, మతం మీద, పెళ్లి మీద గొడవపడ్డ మనిషి, ఆ కొడుకు రాత మీద తొలిసారి ఇంత ముచ్చటపడ్డాడు.

వంటవాడి అసలు రూపం

ఒంటికాలి సిల్వర్‌ను ఎక్కణ్నుంచి తెచ్చాడు? సముద్రం మీదినుంచి కాదు, ఆసుపత్రి మంచం మీదినుంచి. ఎముకల క్షయతో ఎడమకాలు మోకాలి కిందిదాకా పోగొట్టుకున్న కవి విలియం ఎర్నెస్ట్ హెన్లీ, రెండో కాలైనా దక్కుతుందేమోనని 1873లో ఎడిన్‌బరో వచ్చాడు. శస్త్రచికిత్సలో క్రిమిసంహారకాల వాడకానికి ఆద్యుడైన జోసెఫ్ లిస్టర్ ఆ కాలు నిలబెట్టాడు. 1875లో అక్కడే లూయీతో స్నేహం కుదిరింది. భారీ మనిషి, ఎర్రగడ్డం, గది దద్దరిల్లే నవ్వు. ఆ మిత్రుడిలోని మంచితనం, సంస్కారం తీసేసి, బలం, ధైర్యం, చురుకుతనం ఉంచితే ఎలా ఉంటుందని లూయీ ఊహించాడు. సిల్వర్ లేచి నిలబడ్డాడు. సిల్వర్ పుట్టింది నీ వల్లేనని హెన్లీకి ఉత్తరం కూడా రాశాడు. అంతటి క్రూరుడి మీద పాఠకుడికి కోపం ఎందుకు రాదో ఇక్కడ కొంత తెలుస్తుంది.

చిలుక 'రాబిన్సన్ క్రూసో' నుంచి, అస్థిపంజరం ఎడ్గార్ ఆలన్ పో నుంచి అరువు తెచ్చానని లూయీ దాచకుండా ఒప్పుకున్నాడు. ఆ చిలుక మన మలబారు తీరం చూసిందని, గోవా వైస్రాయ్ ఓడను ఓడదొంగలు పట్టినప్పుడు అక్కడే ఉందని సిల్వర్ గొప్పలు చెబుతాడు. ఉత్తి కోత కాదది. గోవా నుంచి స్వదేశానికి బయల్దేరిన పోర్చుగీసు వైస్రాయ్ ఓడను 1721లో రీయూనియన్ దీవి దగ్గర ఓడదొంగలు నిజంగానే దోచుకున్నారు.

నిధి పాతిపెట్టడం మాత్రం చాలావరకు కథల్లోదే. దోచినది రేవులో దిగీదిగగానే తాగుడుకూ జూదానికీ ఖర్చుపెట్టేసేవారు. పాతిపెట్టినవాళ్లలో పేరున్నవాడు కెప్టెన్ కిడ్. అతనూ స్కాట్లాండ్ వాడే. 1698లో కేరళ తీరం దగ్గర బెంగాల్ నుంచి సూరత్‌కు సరుకులతో వెళ్తున్న 'కేదా మర్చెంట్' అనే ఓడను పట్టాడు. కొంత సొత్తును 1699లో న్యూయార్క్ దగ్గరి గార్డినర్స్ దీవిలో పాతిపెట్టాడు. అధికారులు తవ్వి తీసేసుకున్నారు. 1701లో లండన్‌లో కిడ్‌ను ఉరితీశారు. రెండు వందల ఏళ్లపాటు జనం అతని నిధి కోసం వెతుకుతూనే ఉన్నారు.

మాయమైన పటం

పదహారో అధ్యాయం దగ్గర కలం ఆగిపోయింది. ఒక్క ముక్క ముందుకు సాగలేదు. ఇంటి ఖర్చులు మీద పడుతున్నాయి, ఆరోగ్యం అంతంతమాత్రం. పైగా 'యంగ్ ఫోక్స్' అనే పిల్లల వారపత్రిక అక్టోబరు 1న సీరియల్ మొదలుపెట్టేసింది. రచయిత పేరు 'కెప్టెన్ జార్జ్ నార్త్'. చలికాలానికి స్విట్జర్లాండ్‌లోని దావోస్ చేరాక, ఓ ఉదయం కూర్చుంటే మళ్లీ కథ ప్రవాహంలా వచ్చింది. రోజుకో అధ్యాయం చొప్పున పూర్తిచేశాడు. 1882 జనవరి 28తో సీరియల్ ముగిసింది. పత్రిక అమ్మకాలు పెరిగిందేమీ లేదు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

కాసెల్ సంస్థ పుస్తకంగా వేస్తామని 100 పౌన్లు ఇస్తానన్నప్పుడు లూయీ ఎగిరి గంతేశాడు. రాతప్రతితో పాటు బ్రేమార్‌లో గీసిన పటం కూడా పంపాడు. అచ్చు దిద్దుబాటు ప్రతులు వచ్చాయి. పటం ఏది? అసలు తమకు అందనే లేదన్నారు. అతని గుండె జారిపోయింది. పటం చూసి కథ అల్లడం ఒక ఎత్తు. కథ అంతా అయిపోయాక, అందులోని ప్రతి దిక్కు, ప్రతి దూరం ఏరి జాబితా రాసుకుని, వృత్తలేఖిని పట్టుకుని దానికి సరిపోయేలా పటం గీయడం మరో ఎత్తు.

ఆ గీత పని జరిగింది థామస్ ఆఫీసులో. లైట్‌హౌస్‌ల నక్షాలు తయారయ్యే చోట, నీళ్లు చిమ్మే తిమింగలాలతో, తెరచాపల ఓడలతో కాంచనద్వీపం మళ్లీ రూపుదిద్దుకుంది. రకరకాల దస్తూరీలు అనుకరించడంలో థామస్‌కు చెయ్యి తిరిగింది. ఆయనే కెప్టెన్ ఫ్లింట్ సంతకం ఫోర్జరీ చేశాడు. బిల్లీ బోన్స్ రాసిన దారి గుర్తులనూ తన చేత్తోనే అచ్చం ముసలి నావికుడి రాతలా రాసిపెట్టాడు. 1883 నవంబరులో వెలువడిన పుస్తకంలో అచ్చయింది ఆ పటమే. ఆ తర్వాత ఎన్నెన్నో ముద్రణల్లో దాన్నే మళ్లీమళ్లీ గీస్తూ వచ్చారు.

లూయీకి మాత్రం అది ఎప్పటికీ సొంత దీవిలా అనిపించలేదట. పోయినదే అసలైనదన్నాడు. నవలలోనూ అంతే కదా... పటం చెప్పిన చోట తవ్వి చూస్తే ఖాళీ గొయ్యి. నిధిని బెన్ గన్ ఎప్పుడో వేరే చోటికి చేర్చేసి ఉంటాడు.

కథకుడి కొండ

థామస్ ఆ తర్వాత బోర్న్‌మత్‌లో కోడలి పేరిట ఓ ఇల్లు కొనిచ్చాడు. దానికి లూయీ పెట్టిన పేరు 'స్కెరీవోర్', పెదనాన్న కట్టిన లైట్‌హౌస్ పేరు. 1887 మేలో థామస్ కన్నుమూశాడు. లూయీని బ్రిటన్‌లో కట్టిపడేసేది ఇక ఏమీ మిగల్లేదు. ఆగస్టులో కుటుంబంతో ఓడెక్కాడు. మళ్లీ స్కాట్లాండ్ గడప తొక్కలేదు. పసిఫిక్ దీవులన్నీ తిరిగి సమోవాలో వైలిమా అనే చోట స్థిరపడ్డాడు. అక్కడివాళ్లు 'తుసితాలా' అని పిలిచేవారు, అంటే కథలు చెప్పేవాడు. ఆ పేరు చెక్కి సమోవా పెద్ద ఒకరు ఇచ్చిన ఉంగరం ఎడిన్‌బరోలోని రచయితల మ్యూజియంలో ఉంది. రాయల్ మైల్ పక్కన లేడీ స్టెయిర్స్ సందులో, మెట్లు చుట్టలు తిరిగే పాత మేడ అది. గంటలో చూసేయొచ్చు.

1894 డిసెంబరు 3న, 44 ఏళ్లకే లూయీ మరణించాడు. సమోవన్లు రాత్రికి రాత్రి అడవి నరికి దారి వేసి, భుజాల మీద మోసుకెళ్లి వయియా కొండ శిఖరం మీద సమాధి చేశారు. అక్కణ్నుంచి చూస్తే కనుచూపు మేరంతా సముద్రమే.

అప్పటికి ఆయన బల్ల మీద ముగియని రాతప్రతులు కొన్ని మిగిలాయి. వాటిలో ఒకటి స్టీవెన్సన్ల కుటుంబ చరిత్ర. తాత డైరీలు తెప్పించుకుని బెల్‌రాక్ ఎలా కట్టారో రాయడం మొదలుపెట్టాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు 'ఇంజినీర్ల కుటుంబం కథ'.